ఎరుపు ముందా, నీలం ముందా

నమోదు 1

నగరంలో ఉద్యోగం చేసే ప్రతి ఒక్కరూ ఏ రోజు సంగతులు ఆ రోజు నమోదు చేసుకోవాలని నిర్వాహక కార్యాలయం వారి ఆదేశం. అలా చేస్తే మనసు తేలికపడుతుందట. నెత్తి మీద అంత సముద్రం పెట్టుకుని బతికేవాళ్ళకి కనీసం మనసైనా తేలిగ్గా ఉండాలని వారి దయ. సరే, తేలికపడదాం.

నా పేరు పైడితల్లి. ‘మన కన్ను’ యాప్‌లో బొమ్మల విభాగం నాది. ఈ ఊళ్ళో ప్రతి ఫోనులోనూ ఉండే యాప్ అదొక్కటే. అందరికీ నచ్చి కాదు, రెండోది పెట్టడానికి ఫోనుల్లో చోటు లేక. ఊరి పేరు సాగర సౌభాగ్య నగరం. ఆ పేరుతో పిలిచేది మైకు ఒక్కటే. నోరున్న మనుషులందరికీ ఇది అడుగూరు.

ఇవాళ పొద్దున్న మా అమ్మ అప్పలనరసమ్మ ఎప్పట్లాగే దీపాన్ని తిట్టుకుంటూ లేచింది. కరెంటు పొదుపు కోసం ఇళ్ళలో తెల్ల దీపాలు తీసేసి పసుపు దీపాలు పెట్టారు. ఆ వెలుగులో బియ్యమూ పసుపే, పప్పూ పసుపే, మనుషులమూ పసుపే.

“ఇందులో రాయేదో బియ్యమేదో ఆ దేవుడికే తెలవాల. ఏదీ, నీ ఫోనిలగియ్యి,” అంది. పళ్ళెంలో బియ్యం పోసి, ఫోను వెలుగులో ఫోటో తీసి, ఆ ఫోటో చూసుకుంటూ రాళ్ళేరింది. మా ఊళ్ళో అందరూ అంతే. దేన్నైనా సరిగ్గా చూడాలంటే ముందు ఫోటో తీస్తాం, తరవాత ఆ ఫోటోని చూస్తాం. ఎదురుగా ఉన్నదాన్ని చూసే అలవాటు మెల్లగా పోయింది.

ఆఫీసులో సమావేశం. ఫోటోలతో నిండిపోయి ఫోనులు మొరాయిస్తున్నాయి. కొత్త ఫోనులు ఓడలో రావాలి, ఓడకి బుద్ధి పుట్టాలి. మా ముఖ్య నిర్వాహకులు కోదండపాణి గారు దీనికొక పరిష్కారం తెచ్చారు. “ప్రజలు అనవసరమైన బంధువుల ఫోటోలు తీసేస్తే సరిపోతుంది కదా?” ఎవరు అనవసరమైన బంధువులో తేల్చడానికి కమిటీ కూడా వేయబోయారు. ఊరంతా కొట్టుకు చస్తారని నేనే అడ్డుపడి ఇంకో దారి చెప్పాను.

ఫోటో అంటే వరసగా పేర్చిన చుక్కలు. ఒక్కో చుక్కలో ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అని మూడు అంకెలు రాసుకుంటే ఏ రంగైనా తయారవుతుంది. మేం ఒక్కో అంకెకీ ఒక్కో బైటు, ఆ చుక్క ఎంత పారదర్శకమో చెప్పడానికి మరొకటి, మొత్తం నాలుగు బైట్లు వాడుతున్నాం. బియ్యంలో రాళ్ళేరుకోవడానికి పారదర్శకత దేనికి? దాన్ని తీసేసి, మిగతా మూడింటినీ కాస్త బిగించి రెండు బైట్లలో సర్దితే ఫోటో సగం చోటులో పడుతుంది. రెండు బైట్లంటే పదహారు బిట్లు. ఎరుపుకి అయిదు, ఆకుపచ్చకి ఆరు, నీలానికి అయిదు.

కోదండపాణి గారు వెంటనే పట్టుకున్నారు. “ఆకుపచ్చకి ఒకటి ఎక్కువెందుకు?”

“మనిషి కంటికి ఆకుపచ్చలో తేడాలు బాగా తెలుస్తాయండి.”

“రేపు ఎరుపు వాళ్ళు వచ్చి అడిగితే?”

“ఎరుపు వాళ్ళెవరండీ?”

“ఎవరో ఒకరు ఉంటారమ్మా. అందరికీ సమానంగా అయిదేసి ఇవ్వండి. మిగిలిన ఒక్క బిట్టూ నిర్వాహక కార్యాలయం దగ్గర ఉంచండి.”

ఒక్క బిట్టుతో ఏం చేస్తారని నేను అడగలేదు. భోజనాల వేళ దాకా బతిమాలి దాన్ని ఆకుపచ్చకే ఇప్పించాను. మనసు ఇంకా తేలికపడలేదు.

నమోదు 2

కొత్త పద్ధతి సిద్ధమైంది. బయటికి వదిలేముందు కోదండపాణి గారు కోడు చూస్తామన్నారు. ఆయనకి కోడు చదవడం రాదు గానీ దాని పొడుగు చూడడం వచ్చు. తెర మీద ఒకచోట వేలు పెట్టి, “ఇదేం చేస్తుంది?” అన్నారు.

నా పక్క బల్ల సన్యాసిరావు చెప్పాడు. మాటల్లో అతనిది మా ఊరి కరెంటు కంటే ఎక్కువ పొదుపు. “వరస చూస్తుందండి.”

ఆయన నా వైపు తిరిగారు. “కెమెరాలు రంగుల అంకెలు ఒక వరసలో రాసి పంపుతాయండి,” అన్నాను. “మనవి ఎరుపుని ముందు, నీలాన్ని చివర రాస్తాయి. ఫోను తెర మాత్రం నీలమే ముందుందనుకుని చదువుతుంది. ఇది ప్రతి ఫోటోనూ ఆపి, ఎరుపు ముందుంటే రెండింటినీ అటూ ఇటూ మారుస్తుంది. ఏ కెమెరా అయినా నీలమే ముందు రాసి పంపితే దాన్ని ముట్టుకోదు.”

“అంటే కొత్తగా ఏదీ తయారుచెయ్యదు.”

“చెయ్యదండి. ఉన్నవాటినే...”

“అటూ ఇటూ మారుస్తుంది. అదీ ఒక పనేనా? తీసెయ్యండి. ఫోను వేగం పెరుగుతుంది.”

నేను చెప్పి చూశాను. సన్యాసిరావు కూడా, అతని లెక్కకి చాలా ఎక్కువగా, రెండు వాక్యాలు మాట్లాడాడు. కోదండపాణి గారు చొక్కాకున్న ‘పొదుపు వారోత్సవం’ బ్యాడ్జీని సర్దుకున్నారు. “ఎరుపు ముందైతే ఏమిటి, నీలం ముందైతే ఏమిటి? మూడు రంగులూ అందులోనే ఉన్నాయా లేవా?”

ఉన్నాయన్నాం. ఉన్నాయి మరి.

వరస చూసే ఆ మెట్టుని కోడులోంచి తీసేశాం. “చెత్తబుట్టలో వేశాను. బుట్ట మాత్రం ఖాళీ చెయ్యను,” అన్నాడు సన్యాసిరావు.

నమోదు 3

కొత్త యాప్ అందరి ఫోనుల్లోకీ వెళ్ళింది. ఫోటోలు సగం చోటులో పడుతున్నాయి. ఫోను వేగం నిజంగానే పెరిగింది. మనుషులందరూ నీలంగా మారారు. ఇంతకుమించి చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు.

తెరలో టమాటా నీలం. ఎర్ర కారం నీలం. పసుపు కొమ్ము లేత నీలం. నీలం చీర కట్టుకున్న అమ్మాయిలందరూ ఎర్రచీరల పెళ్ళికూతుళ్ళయ్యారు. ఆకుకూరలకి మాత్రం ఏమీ కాలేదు, ఆకుపచ్చ మధ్యలో కూర్చున్నది గనక.

తిట్లు వినడానికి సిద్ధపడి ఇంటికొచ్చాను. అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

“ఓలమ్మీ పైడీ! ఇలగ రాయే! మన బుడ్డోణ్ణి సూడు!”

మా అన్న గవరయ్యకీ వదిన నూకరత్నానికీ ఈ మధ్యే కొడుకు పుట్టాడు. పసిపిల్లలున్నవాళ్ళకి కొత్తగా తవ్విన తొమ్మిదో వీధిలో ఇల్లిస్తున్నారని అక్కడికి మారారు. అన్నది బయట నీళ్ళలో పైపుల మరమ్మతు పని. ఒకసారి వెళితే వారం దాకా రాడు. వదిన రోజూ బుడ్డోడి ఫోటో పంపుతుంది. ఇవాళ్టి ఫోటోలో వాడు నిండు నీలంగా, బొద్దుగా, కాలు పైకెత్తి బొటనవేలు చూసుకుంటున్నాడు.

“అచ్చం సిన్ని కిట్టమూర్తే! ఆ బుగ్గలు సూడు, ఆ కాలు సూడు. నాను నోసిన నోములు ఊరికినే పోతాయేటి?”

“అమ్మా, అది యాప్‌లో తప్పు. రేపో మాపో బాగుచేస్తాం.”

“బాగుసేత్తావా?” అమ్మ ఫోను గుండెకి అదుముకుంది. “నా మనవడు దేవుడిలాగ అవుపిస్తంటే నీ కల్లెందుకే మండతన్నాయి? ముట్టుకున్నావంటే ఊరుకోను.”

వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒక బాలకృష్ణుడు వెలిశాడు. అరవై దాటిన పెద్దమనుషులు కూడా నెమలి పింఛం గీయించుకుని ఫోటోలు దిగుతున్నారు.

నమోదు 4

కోదండపాణి గారు మమ్మల్ని పిలిచారు. తిట్టడానికనుకున్నాం. ఆయన గది నిండా మెచ్చుకోలు సందేశాలే.

“ప్రజలకి చాలా నచ్చింది. మన ‘నీలవర్ణ సౌభాగ్యం’ పథకం విజయవంతమైంది.”

“పథకమాండి?” అన్నాను.

“ఇవాళ పొద్దున్నే ప్రారంభించాను.”

ఇది తప్పని, తీసేసిన మెట్టు తిరిగి పెడితే పూటలో సరిపోతుందని చెప్పాను. ఆయన ఎంతో ఓపికగా విన్నారు. వినడం అయ్యాక, “ఇప్పుడు మారిస్తే నిన్న చేసింది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది కదమ్మా,” అన్నారు. నిన్న చేసింది తప్పే కదా అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. సన్యాసిరావు బల్ల కింద నా కాలు తొక్కాడు.

నమోదు 7

ఇవాళ పొద్దున్నే ఊరంతా గగ్గోలు.

మేం వదిలే గాలినే శుభ్రం చేసుకుని మళ్ళీ పీల్చుకుంటాం. ప్రతి వీధికీ గోడ వెనక గొట్టంలో ఒక గాలి డబ్బా ఉంటుంది. డబ్బా నిండా గింజలు. పని చేస్తున్నంత కాలం అవి నీలంగా ఉంటాయి, సత్తువ అయిపోతే ఎర్రబడతాయి. గొట్టానికి సీలు వేసిన మూత, లోపల ఒక కెమెరా. వారానికోసారి వీధివాళ్ళు ఫోనులో ఆ ఫోటో చూసుకుని, ఎర్రగా ఉంటే డబ్బా మార్చుకుంటారు.

వారం తిరిగింది. చూసుకున్నారు. దాదాపు అన్ని డబ్బాలూ ఎర్రగా ఉన్నాయి. హడావిడిగా మార్చారు. కొత్తవీ ఎర్రగానే ఉన్నాయి. మా గోదాములో ఉన్నవి ఖాళీ అవుతున్నాయి గానీ ఎరుపు పోవడం లేదు.

నేను పరిగెత్తుకుంటూ కోదండపాణి గారి గదికి వెళ్ళాను. “ఇది వేళాకోళం కాదండి. మంచి డబ్బాలు తీసేస్తున్నారు. ఆ మెట్టు తిరిగి పెట్టనివ్వండి.”

“అవసరం లేదమ్మా. ఇప్పుడే సర్క్యులర్ పంపాను.”

చదివాను. ‘ఇకమీదట గాలి డబ్బా విషయంలో ఎరుపు మంచిదిగానూ, నీలం చెడ్డదిగానూ పరిగణించవలెను. ప్రజలు సహకరించవలెను.’

యాప్‌లో తప్పుంటే యాప్‌ని మారుస్తారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. రంగుల అర్థం మార్చడం మరీ సులువు. కోడు రాయక్కర్లేదు, టైపు చేస్తే చాలు. బళ్ళో పిల్లలకి కూడా పాఠం మార్చారు. మా వీధి పిల్లలు ‘ఎరుపు ఎరుపు మంచిది’ అని పాడుతూ వెళ్ళారు. రాగం బాగుంది.

నమోదు 9

అన్ని వీధులూ సర్దుకున్నాయి, తొమ్మిదో వీధి తప్ప. అక్కడి డబ్బా నీలంగా ఉంది. అంటే సర్క్యులర్ ప్రకారం చెడ్డది. మార్చారు. కొత్తదీ నీలమే. మళ్ళీ మార్చారు. మళ్ళీ నీలమే. ఫిర్యాదుల విభాగానికి ఫోను చేసిన ప్రతిసారీ ఒకటే జవాబు: డబ్బా మార్చి చూడండి.

వదిన నాకు ఫోను చేసింది. “ఏటే పైడీ, మా ఈధికి ఈ ఖర్మేటి? అందరియీ ఎర్రగ నిగనిగలాడతంటే మాదొక్కటీ నీలంగ సచ్చింది. సంటిపిల్లలున్న ఈధి కదే.”

“నేను కనుక్కుంటాను వదినా.”

నాకు అర్థం కాలేదు. మా దగ్గరున్న వివరాల ప్రకారం గొట్టాల్లో కెమెరాలన్నీ ఎరుపు ముందు రాసేవే. అన్నిటికీ రంగులు తిరగబడాలి. తొమ్మిదో వీధి ఒక్కటీ ఎందుకు తిరగబడదు? అక్కడికి నాసిరకం డబ్బాలు వెళ్ళాయేమో అనుకున్నాను. మూత తెరిచి కంటితో చూసొస్తానని అనుమతి అడిగాను.

“మూత తెరిస్తే ప్రజల్లో అనుమానాలు పుడతాయి,” అన్నారు కోదండపాణి గారు.

“అనుమానం ఇప్పటికే పుట్టిందండి.”

“పుట్టినదాన్ని పెంచకూడదమ్మా.”

గోదాములో చివరికి మిగిలిన, సగం వాడిన పాత డబ్బా కూడా తొమ్మిదో వీధికే వెళ్ళింది. అదీ నీలంగానే ఉందట. ఇక వాళ్ళని సహకరించమన్నారు.

నమోదు 12

తొమ్మిదో వీధి డబ్బా ఎర్రబడింది! ఫిర్యాదు మూసేశారు. ‘ఓర్పుతో సమస్య పరిష్కారం’ అని మైకులో చెప్పారు. వదిన వీధంతా బెల్లం ఉండలు పంచి, మాకూ ఒక డబ్బాలో పెట్టి పంపింది. తెచ్చిచ్చిన వదిన పక్కింటావిడ మా గుమ్మం దగ్గరే కూలబడింది.

“తల బద్దలైపోతంది తల్లీ. మా ఈధిలో అందరికీ అలగే ఉంది. నిద్దర సాలట్లేదు కాబోలు,” అంది.

నీళ్ళిచ్చాను. అమ్మ ఆమె నుదుటికి అమృతాంజనం లాంటిదేదో రాసింది. కాసేపు కూర్చుంటే తేరుకుని వెళ్ళింది. నేనూ బెల్లం ఉండ తిన్నాను. డబ్బా ఎర్రబడిందని నాకూ హాయిగానే అనిపించింది. అయిదు రోజులు ఆ పాట వింటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

నమోదు 13

ఇవాళ జరిగింది వేళాకోళంగా రాయడం నావల్ల కాదు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. అమ్మ మొహం ముడుచుకుని కూర్చుంది. నన్ను చూడగానే ఫోను నా ముందు పడేసింది.

“సేసీసినావు కదే. వొద్దన్నా బాగుసేసీసినావు.”

“ఏం చేశాను?”

“సూడు. బుడ్డోడి నీలం పోనాది. మామూలు పిల్లల్లాగ ఎర్రగ పడ్డాడు.”

“మేమేం ముట్టుకోలేదమ్మా,” అంటూ ఫోటో చూశాను. వదిన ఇప్పుడే పంపింది. బుడ్డోడు పడుకుని ఉన్నాడు. నిన్నటి నీలం నిజంగానే తగ్గిపోయింది. పెదాలు గులాబీ రంగులో ఉన్నాయి. వాడి కింద పరిచిన దుప్పటి నీలంగా ఉంది.

అది అమ్మ కుట్టిన దుప్పటి. ఎర్రది. ఫోటోలో నీలంగా ఉందంటే యాప్ ఇంకా రంగులు తిరగేస్తూనే ఉంది. తిరగేసే యాప్‌లో బుడ్డోడి పెదాలు ఎర్రగా కనిపిస్తున్నాయంటే...

భోజనం సంగతి మరిచిపోయి నా ఫోను అందుకున్నాను.

వదినకి ఫోను చేశాను. చాలాసేపటికి ఎత్తింది. మాట ముద్దముద్దగా వచ్చింది.

“ఏటే పైడీ... నిద్దరొత్తంది...”

“వదినా, బుడ్డోణ్ణి ఎత్తుకో. వీధి తలుపు దగ్గరికి నడువు. ఇప్పుడే.”

“ఆడు పడుకున్నాడు... పాలు కూడా తాగనేదు. డాక్టరమ్మకి ఫోటో ఎట్టినాను. పొద్దుటేల నుంచి సూసిన పిల్లల్లో రంగు సరిగ్గున్నది మీవోడొక్కడే అంది...”

“వాడికి గాలి అందట్లేదు వదినా! లే!”

ఫోను కింద పడిన చప్పుడు వినిపించింది.

నేను పరిగెత్తాను. వెనకాల అమ్మ “ఏటైనాదే, ఏటైనాదే” అంటూ వచ్చింది. దారిలోంచే సన్యాసిరావుకి ఫోను చేసి ఆసుపత్రి మనుషుల్ని, ఆక్సిజన్ సిలిండర్లని తొమ్మిదో వీధికి తీసుకురమ్మన్నాను. ఎందుకని అడగలేదు. అతని పొదుపుకి నేను దండం పెట్టిన రోజు ఇదొక్కటే.

తొమ్మిదో వీధి తలుపు చక్రం తిప్పి తీశాను. కాపలా ఆయన స్టూలు మీదే గోడకి జారబడి ఉన్నాడు. ఎక్కడా మాట వినబడలేదు. అంత మంది పసిపిల్లలున్న వీధిలో ఒక్క ఏడుపు కూడా లేదు. కొంత దూరం వెళ్ళేసరికి నాకే తల తిరిగింది.

వదిన గుమ్మం దాకా వచ్చి అక్కడ పడిపోయింది. బుడ్డోణ్ణి మాత్రం వదలలేదు. నేలకి తగలకుండా రెండు చేతులతో గుండెల మీద పట్టుకుని ఉంది. వాణ్ణి తీసి అమ్మకిచ్చాను. “బయటికి పట్టుకెళ్ళు, తెల్ల దీపం దగ్గరికి!” వదిన చంకల కింద చేతులేసి నేను వెనక్కి ఈడ్చుకుంటూ వచ్చాను.

వీధుల కూడలిలో ఆసుపత్రి కోసం ఉంచిన ఒక్క తెల్ల దీపం ఉంది. దాని కింద అమ్మ బుడ్డోణ్ణి చూసింది. ఫోటోలో కాదు, కళ్ళతో. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. గోళ్ళు నీలంగా ఉన్నాయి.

అమ్మ ఏడవలేదు. వాణ్ణి బోర్లా తిప్పి వీపు రుద్దుతూ, “ఎర్రబడ్రా నాయినా, ఎర్రబడు,” అంటూనే ఉంది. సన్యాసిరావు సిలిండరుతో వచ్చాడు. ఆసుపత్రి అమ్మాయి వాడి మొహానికి గొట్టం అందించింది. మేమందరం కూర్చుని వాడి నోటి వైపు చూస్తున్నాం. వాడు ముందు దగ్గాడు. తరవాత మూలిగాడు. ఆ తరవాత కేర్‌మన్నాడు. అమ్మ అప్పుడు కూలబడింది.

తక్కినవాళ్ళందరినీ ఒక్కొక్కరినీ బయటికి మోసుకొచ్చాం. ఎవరి ప్రాణమూ పోలేదు.

అందరూ బయటపడ్డాక ముక్కుకి సిలిండరు గొట్టం పెట్టుకుని నేనూ సన్యాసిరావూ మళ్ళీ లోపలికి వెళ్ళాం. అనుమతి ఎవరినీ అడగలేదు. స్పానరుతో సీలు పగలగొట్టి మూత తీశాను. గింజలు ఎర్రగా ఉన్నాయి. నిజం ఎరుపు. పక్కనున్న కెమెరా మిగతా వీధుల్లోది కాదు. పోయిన ఓడలో వచ్చిన కొత్త రకం, నీలం ముందు రాసేది. గోదామువాళ్ళు బిగించి మాకు చెప్పడం మరిచిపోయారు. ఊరంతటికీ రంగులు తిరగబడితే ఈ వీధి డబ్బా ఒక్కటే మొదటి నుంచీ నిజం చెప్పింది. నిజం చెప్పినందుకు దాన్ని అన్నిసార్లు మార్చారు.

“కెమెరా రకం ఏదైనా ఆ మెట్టు పట్టుకునేది,” అన్నాడు సన్యాసిరావు.

“చెత్తబుట్ట ఖాళీ చెయ్యలేదు కదా?”

“లేదు.”

నమోదు 14

ఆ మెట్టు తిరిగి పెట్టాం. ఎవరి ఆమోదమూ లేకుండా అందరి ఫోనుల్లోకీ వదిలాం. పాత సర్క్యులర్ అలాగే ఉంటే ఇప్పుడు ఊరంతా మంచి డబ్బాలనే మార్చేస్తుంది గనక, యాప్ తెరవగానే కనబడేలా పెద్ద అక్షరాలతో పెట్టాను: ‘గాలి డబ్బా నీలంగా ఉంటే మంచిది. ఎర్రగా ఉంటే వెంటనే మార్చండి. పాత సర్క్యులర్ తప్పు.’ మూడో వాక్యం రాసేటప్పుడు చాలా హాయిగా ఉంది. మొదటిసారి మనసు తేలికపడింది. ఆదేశం ఇచ్చినవారికి కృతజ్ఞతలు.

డబ్బాలకి కొరత రాలేదు. భయపడి ఎవరూ పారేయకుండా ఇళ్ళలో దాచుకున్న మంచి డబ్బాలన్నీ బయటికొచ్చాయి. తొమ్మిదో వీధికి ముందుగా ఇచ్చింది మా వీధివాళ్ళు.

మధ్యాహ్నానికల్లా ఫిర్యాదులు మొదలయ్యాయి. మా బాబు మామూలుగా కనబడుతున్నాడు, దయచేసి సరిచేయగలరు. నా పింఛం ఫోటో పాడైంది, ఎవరు బాధ్యులు? తొమ్మిదో వీధిలో ఏం జరిగిందో తెలిసి కూడా రాశారు. మా అమ్మ మాత్రం బుడ్డోణ్ణి ఒళ్ళో పెట్టుకుని తెల్ల దీపం కావాలని ఆసుపత్రిలోనే కూర్చుంది. ఫోను ఎక్కడ పెట్టిందో కూడా ఆమెకి గుర్తులేదు.

నమోదు 18

తొమ్మిదో వీధి మీద ఇవాళ విచారణ జరిగింది. ముందు తీర్పు చెప్పేస్తాను. కోదండపాణి గారిని ఈ పదవిలోంచి తీసి పైకి పంపుతున్నారు. నిజంగానే పైకి, నీళ్ళ మీద తేలే కార్యాలయానికి. అక్కడ ఆయనకి ఎండా, గాలీ, పెద్ద కిటికీ ఉంటాయి. సీలు పగలగొట్టినందుకు, ఆమోదం లేకుండా యాప్ వదిలినందుకు నాకూ సన్యాసిరావుకీ మందలింపు. ఇకమీదట గొట్టాల మూతలు వారానికోసారి తెరిచి కంటితో చూసే పని కూడా మాకే ఇచ్చారు. ఇది శిక్షో బహుమతో తీర్పులో రాయలేదు.

ఇక విచారణలో జరిగింది. నివాసుల సభ పెద్ద మహలక్ష్మి గారు మధ్యలో కూర్చున్నారు. మా అన్న పని ఆపించుకుని నీళ్ళలోంచి వచ్చాడు. వచ్చినప్పటి నుంచీ వదిన చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

కోదండపాణి గారు చాలా మృదువుగా మాట్లాడారు. “జరిగినదానికి చింతిస్తున్నాను. అయితే సాంకేతికంగా చూస్తే, ఎదురుగా ఉన్న బిడ్డ ఒంటి రంగు మారుతున్నప్పుడు తల్లి గమనించుకోవాలి కదా. అన్నిటికీ కార్యాలయాన్నే అంటే ఎలా? ఆవిడ కాస్త జాగ్రత్తగా ఉండి ఉంటే...”

వదిన లేచి నిలబడింది. బుడ్డోడు ఆమె భుజం మీద ఉన్నాడు.

“నానేటి తప్పు సేసినానో సెప్పండి బాబూ,” అంది. గొంతు పెంచలేదు. “ఇంట్లో తెల్లదీపం తీసీసింది మీరు. పసుపు దీపంలో నా కొడుకు రంగు నాకేటి తెలుస్తది? ఫోనులో సూసుకోమన్నారు, సూసుకున్నాను. డాక్టరమ్మకి ఎట్టమన్నారు, ఎట్టినాను. డబ్బా నీలంగుంటే మార్సమన్నారు, మార్సినాను. ఎర్రబడితే మంచిదన్నారు. ఎర్రబడింది, బెల్లం పంచినాను. మీరు సెప్పిందాంట్లో నాను సెయ్యనిది ఏటి? ఒక్కటి సెప్పండి. అన్నీ సేసినాను కాబట్టే నా కొడుకు సచ్చిపోబోయినాడు.”

ఆయన కాగితాలు తిరగేశారు. వెతుకుతున్నది అందులో దొరకలేదు. “మీ బాధ నేను అర్థం చేసుకోగలను. కానీ ఆ రోజు మేం తీసుకున్న నిర్ణయం వెనక ఉన్న పొదుపు దృక్పథాన్ని కూడా...”

అప్పుడు బుడ్డోడు ఏడుపు అందుకున్నాడు. ఆకలో, కోపమో తెలియదు. తొమ్మిదో వీధిలో ఆ రోజు వినబడని ఏడుపులన్నీ కలిపి ఏడుస్తున్నట్టు గుక్క తిప్పుకోకుండా ఏడ్చాడు. మొహం కందిపోయింది. హాల్లో ఎవరూ ఫోను తీయలేదు. అందరూ వాడి మొహం వైపే చూస్తున్నారు.

కోదండపాణి గారు రెండుసార్లు మాట మొదలుపెట్టి ఆపారు. “దయచేసి పిల్లాణ్ణి కాస్త బయటికి తీసుకెళ్తారా? నేను చెప్పేది ఎవరికీ వినబడడం లేదు,” అన్నారు.

వదిన కదల్లేదు. అన్న కదల్లేదు. మహలక్ష్మి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఉండనివ్వండి,” అన్నారావిడ. “వాడి మాట అయ్యాక మీది వింటాం.”

వాడు చాలాసేపు ఏడ్చాడు.